ఎర్తుకడ్డీ యొక్కటి చాలదు

జనగామలోనో, మహబూబాబాదులోనో, భూపాలపల్లిలోనో ఇల్లు కట్టుచోట, మిక్సరు ప్రక్క నొక ఇనుపకడ్డీ పాతి "ఎర్తు చేసితిమి" అనిన చాలునా? చాలదని నా మనవి.

వేసవిలో చెల్కనేల యెండి, ఆ ఎర్తు నిరోధము 46 ఓములైన దనుకొందము. 230 వోల్టుల తీగ మిక్సరునకు తగిలినచో భూమిలోనికి పోవునది 5 ఆంపియర్లే. 15 ఆంపియర్ల ఫ్యూజు దానికి కాలదు. మిక్సరుపై విద్యుత్తు నిలిచియే యుండును. తాకినవాని ప్రాణము పోవచ్చును.

కావున ఎర్తుగుంట తడి యారనీయకుడు. మిక్సరును, నీటిపంపును, ఇనుప పరంజాను రాగితీగతో కలిపి ఎర్తునకు చేర్పింపుడు. అన్నిటను ఒకే వోల్టేజి యున్నచో, రెంటిని పట్టిన చేతుల నడుమ విద్యుత్తు పారదు. అన్నిటికంటె ముఖ్యముగా, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచు ఆర్.సి.సి.బి. పెట్టింపుడు. పని మొదలిడకముందే దాని పరీక్షమీటను మీ యెదుట నొక్కి చూపుమనుడు. మీ యిల్లు కట్టువాడు సాయంకాలము తన యిల్లు చేరవలయును గదా!