నోటీసు అందగానే మూటాముల్లె సర్దనక్కర్లేదు

లాల్‌దర్వాజా: ఆషాఢ మాసంలో సింహవాహిని మహంకాళి బోనాలకు మన పల్లెల నుంచి వెళ్లివచ్చే వారికి ఈ పేట కొత్త కాదు. మేస్త్రీ పనికో, దుకాణంలో కొలువుకో, పిల్లల చదువుకో పట్నం చేరిన కుటుంబానికి పాతబస్తీ గల్లీలో కిరాయి గదే మొదటి నీడ. అలాంటి గదికి ఒకనాడు వకీలు నోటీసు వస్తే ఇంటిల్లిపాదికీ అన్నం సయించదు. పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలన్న ఒక్క వాక్యం చూసి, బడి నడుమనే పిల్లల్ని వెంటబెట్టుకుని తిరుగు బస్సెక్కేవారూ లేకపోలేదు.

అంత తొందర అక్కర్లేదు. నోటీసు అనేది ఇంటి యజమాని అడగడం మాత్రమే, కోర్టు ఉత్తర్వు కాదు. కిరాయిదారు ఒప్పుకోకపోతే యజమాని కోర్టుకే వెళ్లాలి. తాళం పగలగొట్టి సామాను బయట పడవేసే హక్కు ఎవరికీ లేదు. అలా చేస్తే, ఆరు నెలల లోపు దావా వేసి ఇల్లు తిరిగి పొందే వీలు చట్టంలో ఉంది.

అద్దె చట్టం ఏమంటుంది?

తెలంగాణ ప్రాంతానికి 1954లో వేరే అద్దె చట్టం ఉండేది. 1960లో ఉమ్మడి రాష్ట్రానికంతటికీ ఒకే చట్టం వచ్చింది. 2014 తరువాత ఇక్కడ అదే తెలంగాణ పేరు పెట్టుకుంది. దీని కింద ఖాళీ చేయించాలంటే యజమాని కారణం రుజువు చేయాలి: కావాలని కిరాయి ఎగవేయడం, అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడం, ఇంటిని పాడుచేయడం వంటివి. యజమాని తనకే ఉండడానికి ఇల్లు కావాలన్నా, నిజంగా అవసరమని చూపాలి. పాతది పడగొట్టి కొత్తది కట్టుకోవడానికి వేరే నిబంధన ఉంది. కిరాయి బాకీ కావాలని పెట్టినది కాదని తేలితే, కట్టడానికి 15 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు.

ఇదంతా బాగానే ఉంది గాని, ఈ గొడుగు కిందికి వచ్చే ఇళ్లెన్ని? మొదట 26-8-1957 తరువాత కట్టిన ఇళ్లన్నిటినీ చట్టం వదిలేసింది. కొత్త ఇళ్లు కట్టేవారికి ప్రోత్సాహమని దీనికి కారణం చెప్పారు. ఆ మినహాయింపు ఏళ్ల తరబడి సాగడం అన్యాయమని 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కిరాయిదారుల సంతోషం ఆ ఏడాది చివరిదాకా కూడా నిలవలేదు. నెలకు 1000 రూపాయలు మించిన ఇళ్లనూ, పదేళ్లు నిండని ఇళ్లనూ ప్రభుత్వం డిసెంబరులోనే మళ్లీ మినహాయించింది. 2005లో ఆ హద్దు కార్పొరేషన్లలో 3500 రూపాయలకు, 15 ఏళ్లకు మారింది. 3500కు పట్నంలో ఇప్పుడు ఎలాంటి గది దొరుకుతుందో కిరాయి కట్టేవారినే అడగాలి! పేదవాడి కోసమని చేసిన చట్టం పేదవాడి గది దాకా రాకుండా ఆగిపోయింది.

హద్దు దాటిన ఇంటికి ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. నెలవారీ కిరాయి అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు చాలు, కారణం చెప్పనక్కర్లేదు. అయినా ఆ తరువాత సివిలు కోర్టులో దావా గెలిస్తేనే ఇల్లు చేతికొస్తుంది.

రసీదే రక్ష

కిరాయి కట్టి రసీదు అడగడం చాలామందికి మొహమాటం. యజమానిని ‘అన్నా’ అని పిలిచే చోట కాగితం ఎందుకంటారు. కాని కోర్టులో అన్నదమ్ముల వరస చెల్లదు. రసీదు పొందడం అద్దె చట్టం ఇచ్చిన హక్కు. కొందరు యజమానులు కిరాయి తీసుకోవడం మానేసి, తరువాత బాకీ పడ్డారని కేసు వేస్తారు. అప్పుడు బ్యాంకు పేరు చెప్పమని రాతపూర్వకంగా అడగాలి. పది రోజుల్లో చెప్పకపోతే మనియార్డరు చేయాలి. అదీ తిప్పికొడితే రెంటు కంట్రోలరు వద్ద జమ కట్టాలి. చట్టం చూపిన వరస ఇదే. ఇప్పుడు ఫోనులో పంపే కిరాయికి బ్యాంకు లెక్క మిగులుతుంది, అది మేలు.

యజమానులందరూ దుర్మార్గులేమీ కారు. రెండు గదుల కిరాయి మీదే బతికే ముసలివారున్నారు. ఏళ్ల తరబడి కేసు సాగితే వారికీ కష్టమే. గడువు అడిగి, రాసుకుని, పిల్లల పరీక్షలయ్యాక ఖాళీ చేసే రాజీకి ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టు ఖర్చు తప్పుతుంది.

నగరంలో అద్దె చట్టం కేసులు సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో రెంటు కంట్రోలర్లు వింటారు. అప్పీలు అక్కడి చీఫ్ జడ్జికి. నోటీసు వచ్చినవారు జవాబు ఇవ్వకుండా ఊరుకోరాదు. వకీలు ఫీజు లేని ఆడవారికి, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 1987 న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నోటీసు, రసీదులు, ఒప్పందం కాగితం ఉంటే అదీ వెంట తీసుకుపోవాలి.