స్నేహము - స్వభావము

"మావాడు మంచివాడే, స్నేహితులే వానిని చెడగొట్టుచున్నారు" అని ఉపాధ్యాయునితో మొరపెట్టుకొనని తండ్రి అరుదు. ఆ స్నేహితుని తండ్రియు ఇదే మాట చెప్పుచుండును! స్నేహము నడవడిని మార్చునా? లేక ఒకే నడవడి గలవారు స్నేహితులగుదురా?

స్నేహితులు ఒకే తీరున నుండుట చూడగనే తెలియును గాని, ఏది ముందో, ఏది వెనుకో ఒకమారు చూచినంత మాత్రమున తెలియదు. అందుచే డెనీస్ కాండెల్ అను సాంఘిక శాస్త్రజ్ఞురాలు అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రపు ఉన్నత పాఠశాలల విద్యార్థులను బడి సంవత్సరపు మొదటను, చివరను కూడ ప్రశ్నించి, ఫలితములను 1978లో ప్రకటించెను. గంజాయి వాడకము, చిల్లర దుష్ప్రవర్తన, రాజకీయాభిప్రాయములు, చదువుపై ఆశయములు అను నాలుగు విషయములను ఆమె పరిశీలించెను. ఆ యేట క్రొత్తగా స్నేహితులైనవారు స్నేహమునకు పూర్వమే కొంత పోలియుండిరి. విడిపోయిన జంటలలో మొదటినుండియు పోలిక తక్కువ. నిలిచిన స్నేహములలో పోలిక మరింత పెరిగెను. అనగా ఎన్నికయు నిజమే, ప్రభావమును నిజమే. రెంటి పాలు ఇంచుమించు సమానము. తండ్రి మొరలో సగమే సత్యమున్నదన్నమాట.

ఇక ప్రభావ మెట్లు పనిచేయునో చూతము. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అను మనోవిజ్ఞానులు 306 మందిచే తెరపై కారు నడుపు ఆట ఆడించిరి. కారు ఎంత దూరము పోయిన అంత లాభము. ఆపక ముందే గోడ అడ్డుపడినచో నష్టము. కొందరు ఒంటరిగను, కొందరు తోటివారి యెదుటను ఆడిరి. తోటివారున్నపుడు 13-16 ఏండ్లవారు ఎక్కువ సాహసించిరి. 24 ఏండ్లు దాటినవారికంటె వీరిలో ఈ ప్రభావము చాల హెచ్చు. ఒంటరిగ బుద్ధిగా మెలగు బాలుడే గుంపులో తుంటరి యగుటకు ఇదొక కారణము.

అయినను అందరును సమానముగ లొంగరు. తన నిర్ణయమును తోటివారి యెదుట నిలుపుకొను శక్తి మూర్తిమత్వములో నొక భాగము. ఇది 14 మొదలు 18 ఏండ్ల వరకు క్రమముగ పెరుగునని స్టైన్‌బర్గ్, మోనహన్ అనువారు 2007లో చూపిరి. ఒకే వయస్సువారిలో సైతము ఇది ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ.

కావున జంటను విడదీసి వేర్వేరు బల్లలపై కూర్చుండబెట్టుట పూర్తి చికిత్స కానేరదు. అభిరుచి మారనిచో బాలుడు అట్టి మిత్రునే మరల వెదకికొనును. అంతకంటె, ప్రయోగశాలలోను, ఆటస్థలములోను అతనికి క్రొత్తవారితో కలసి పనిచేయు అవకాశము కల్పించుట మేలు. చదువుపై ఆశయములును స్నేహితుల మధ్య పోలియుండు విషయములలో నొకటియే గదా!