రక్తం చెప్పే సాక్ష్యం

తరగతిలో ఒక కుర్రవాడు లెక్క చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి కింద పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, కళ్లు తేలేశాడు, నోటివెంట నురుగు వచ్చింది. పిల్లలు హడలిపోయారు. ఎవరో పరుగెత్తుకుపోయి తాళంచెవుల గుత్తి తెచ్చి వాడి చేతిలో పెట్టారు. కొంచెం సేపటికి కొట్టుకోవటం ఆగిపోయింది. "చూశారా, ఇనుము తగలగానే తగ్గింది!" అన్నారు అందరూ.

తగ్గింది ఇనుము వల్ల కాదు. మూర్ఛ చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ రెండు నిమిషాలూ అయిపోతాయి, పేరు తాళాలకు దక్కుతుంది! అటువంటప్పుడు పిల్లవాణ్ణి ఒక పక్కకు ఒత్తిగిల్లేటట్టు పడుకోబెట్టాలి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి. నోట్లో ఏమీ పెట్టరాదు. గడియారం చూస్తూ ఉండాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సరే, సాయంత్రం తల్లి వాణ్ణి డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. వాడు అప్పటికి కుర్చీలో కూర్చుని కాళ్లూపుకుంటున్నాడు. "ఎట్లా పడ్డాడమ్మా?" అని డాక్టరు అడిగాడు. తల్లి చూడలేదు. చూసిన మాస్టారు రాలేదు. కుర్రవాడికి ఏమీ గుర్తు లేదు. వచ్చింది మూర్ఛేనా, లేక ఎండకు సొమ్మసిల్లాడా? మూర్ఛ రోగమే అయితే ఏళ్ల తరబడి మందు వేసుకోవలసి రావచ్చు. కాకపోతే ఆ మందు దండగ. పైగా "ఫిట్లవాడు" అన్న పేరు బళ్లో మిగిలిపోతుంది.

కనక డాక్టరుకు సాక్షి కావాలి.

మన మెదడులో కోట్లాది కణాలు సన్నని విద్యుత్తుతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. మూర్ఛలో అవి వంతు తప్పి, పంతులులేని తరగతిలాగా, ఒక్కసారిగా అరుస్తాయి. 1924లో జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మనిషి మెదడులోని విద్యుత్తును మొదటిసారిగా గీతల రూపంలో పట్టుకున్నాడు. దాన్నే ఇ.ఇ.జి. అంటారు. ఈనాటికీ పెద్ద సాక్షి అదే. కాని మూర్ఛ లేని సమయంలో తీస్తే ఒక్కొక్కప్పుడు గీతలన్నీ బాగానే కనబడతాయి. అందుచేత శాస్త్రజ్ఞులు రక్తంలో కూడా సాక్ష్యం కోసం వెతుకుతున్నారు. అటువంటి గుర్తుకు వాళ్లు పెట్టిన పేరు బయోమార్కర్.

ఈ వెతుకులాటకు ఒక గోడ అడ్డం ఉన్నది. 1885లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించాడు. ఒళ్లంతా రంగు పట్టింది గాని మెదడుకు పట్టలేదు. మెదడుకు రంగు పీల్చుకునే గుణం లేదేమో అనుకున్నాడాయన. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ నీలం రంగును మెదడు చుట్టూ ఉండే నీటిలోకి ఎక్కించాడు. ఈసారి మెదడు నీలమయింది, మిగతా ఒళ్లు కాలేదు! మెదడులోని రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. కనక ఇటు సరుకు అటు, అటు సరుకు ఇటు తేలికగా పోదు.

పెద్ద మూర్ఛ వచ్చినప్పుడు ఆ గోడ కొంచెం కారుతుంది. అప్పుడు మెదడు సరుకు రక్తంలోకి జారుతుంది. అటువంటి సరుకుల్లో ఒకదాని పేరు ఎస్-100-బి. పేరు వింతగా లేదూ? పొలాల్లో ఎరువుగా చల్లే అమోనియం సల్ఫేటును నీళ్లలో ఇక కరగనంతగా, అంటే నూటికి నూరుపాళ్లు కలిపినా, ఈ జాతి ప్రోటీను అడుక్కు దిగక కరిగే ఉంటుంది. ఆ నూరే ఈ నూరు. అయితే ఈ సాక్షిని పూర్తిగా నమ్మలేం. ఒంట్లోని కొవ్వు కూడా దీన్ని తయారుచేస్తుంది. ఏ జబ్బూ లేని పసిపిల్లల్లో కూడా ఇది పెద్దవాళ్లకంటే ఎక్కువే ఉంటుంది.

ఎన్.ఎస్.ఇ. అనే మరో సాక్షి ఉన్నది. ఇది మెదడు కణాల్లోనే కాక ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. రక్తం తీసిన గొట్టాన్ని గట్టిగా కుదిపితే ఎర్రకణాలు పగిలి, లేని మూర్ఛ ఉన్నట్టు సాక్ష్యం చెబుతుంది!

గోడతో పనిలేని సాక్షి ఒకటి, ప్రొలాక్టిన్. మెదడు కింద వేలాడే పీయూష గ్రంథి దీన్ని నేరుగా రక్తంలోకి వదులుతుంది. పెద్ద మూర్ఛ వచ్చిన 10 నుంచి 20 నిమిషాల్లో రక్తం తీస్తే ఇది బాగా పెరిగి కనబడుతుంది. సాయంత్రందాకా ఆగితే సాక్షి వెళ్లిపోతాడు. సొమ్మసిల్లినప్పుడు కూడా ఇది పెరగవచ్చు కనక మన కుర్రవాడి తగాదా దీనితో తీరదు. ఇంతవరకు, ఇది మూర్ఛ రోగమని తానొక్కటే తేల్చి చెప్పే రక్తపరీక్ష రాలేదు.

అయితే ఒకచోట రక్తం చక్కని సాక్ష్యమే చెప్పింది. మెదడుకు ముఖ్యమైన తిండి గ్లూకోజు. గోడలో దానికి గ్లూట్-1 అనే తలుపులున్నాయి. కొద్దిమంది పిల్లల్లో పుట్టుకతోనే ఈ తలుపులు తక్కువ. రక్తంలో చక్కెర సరిగానే ఉన్నా మెదడు పస్తు ఉంటుంది. మూర్ఛలు వస్తాయి. 1991లో అమెరికా వైద్యులు ఈ జబ్బును వర్ణించారు. దీన్ని పట్టుకోవటానికి వెన్నులో సూది గుచ్చి నీరు తీసేవారు. ఇవే తలుపులు ఎర్ర రక్తకణాల మీద కూడా ఉన్నాయి. పారిస్ వైద్యులు 2017లో ఆ తలుపులను రక్తంలోనే కొలిచి చూపారు. జబ్బున్నవాళ్లలో ఎక్కువమందికి అవి తక్కువే ఉన్నాయి.

ఇది తొందరగా తెలియటంలో గొప్ప లాభం ఉన్నది. అన్నం, చక్కెర బాగా తగ్గించి నెయ్యి, నూనె వంటివి ఎక్కువగా పెడితే, కొవ్వు నుంచి కీటోన్లు తయారవుతాయి. అవి వేరే తలుపున మెదడులోకి పోయి దాని ఆకలి తీరుస్తాయి. మూర్ఛలకు ఈ పథ్యాన్ని 1921లోనే అమెరికాలో వైల్డర్ అనే డాక్టరు సూచించాడు. కాని పెద్దలు దీన్ని ఇంట్లో సొంతంగా మొదలుపెట్టరాదు. డాక్టరు తూచి చెప్పవలసినదే.

2019లో మరో ముచ్చట బయటపడింది. కొన్ని సన్నని ఆర్.ఎన్.ఏ. ముక్కలు మూర్ఛ రాకముందే రక్తంలో పెరుగుతున్నట్టు ఐర్లండు, జర్మనీ శాస్త్రజ్ఞులు చూశారు. వాళ్లు చూసింది పెద్దవాళ్ల రక్తం. పిల్లల రక్తం లెక్క వేరు, అదీ ఏటేటా మారుతుంది. అందుకని మూర్ఛ ఉన్న పిల్లల రక్తం పక్కన, అదే వయసుగల, మూర్ఛ లేని పిల్లల రక్తం కూడా పెట్టి చూడాలి. తల్లిదండ్రులు ఒప్పుకుంటే అటువంటి పిల్లలు కూడా చెయ్యి చాపి చెంచాడు రక్తం ఇస్తారు. దాన్ని కుదపకుండా లేబొరేటరీకి చేరుస్తారు.