షాలిమార్ ప్రయాణికుడూ, ప్రజా వైద్యమూ

హుగ్లీ నదికి పశ్చిమ తీరాన, హౌరా నగరంలో షాలిమార్ రైల్వే స్టేషను ఉన్నది. కలకత్తా స్టేషన్లలో ఒకటిగా దానిని లెక్కించడం వాడుక అయినప్పటికీ, అసలు మహానగరం నదికి ఆవలి గట్టున ఉన్నది. 1787లో స్థాపితమైన సుప్రసిద్ధ వృక్షశాస్త్ర ఉద్యానం ఇక్కడికి సమీపంలోనిదే. గోదావరి మండలంలోని సామర్లకోటలో మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఆ ఉద్యానానికి అధిపతిగా వచ్చాడు. కనుక తెలుగునాటికీ ఈ తీరానికీ గల సంబంధం నిన్న మొన్నటిది కాదు.

నేడు ఆ సంబంధాన్ని నిలుపుతున్నవి రైళ్లు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ షాలిమార్‌లో బయలుదేరి ఖరగ్‌పూర్, బాలాసోర్, కటక్, భువనేశ్వర్ దాటి, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, ఏలూరు, విజయవాడల మీదుగా చెన్నై చేరుతుంది. దక్షిణాదిన కట్టడాల పనులకు వెళ్లే కూలీలు, వేలూరు, చెన్నై ఆసుపత్రులను ఆశ్రయించే రోగులు, వారి వెంట వచ్చే బంధువులు ఈ రైలు ప్రయాణికులలో విశేషంగా ఉంటారు. స్వస్థలం విడిచిన మనిషికి జబ్బు చేస్తే ఆ వైద్యానికి అయ్యే వ్యయం ఎవరిది? పన్నుల రాబడితో నడిచే ప్రజా వైద్యం ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానం ఏమిటో తెలియడానికి హౌరా జిల్లాయే చక్కని నిదర్శనం.

మన దేశంలో పోలియో వైరస్ సహజంగా వ్యాపించి సోకిన చివరి కేసు ఈ జిల్లాలోనే నమోదైనది. 2011 జనవరి 13న రెండేళ్లైనా నిండని ఒక బాలికకు కాళ్లలో పక్షవాత లక్షణాలు కనిపించాయి. ఆ బిడ్డకు అంతకుముందు పోలియో చుక్కలు అందలేదు. అంతకు రెండేళ్ల ముందు, 2009లో, దేశమంతటా 741 కేసులు ఉండెను. 2010లో అవి 42కు తగ్గాయి. 2011లో ఆ ఒక్కటే. తదుపరి మూడేళ్లు ఒక్క కేసైనా లేనందున 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో విముక్తి ధ్రువపత్రం లభించినది.

ఈ విజయం వెనుక నున్న ఏర్పాటు గమనించదగినది. 1995లో ప్రారంభమైన పల్స్ పోలియో కార్యక్రమంలో జాతీయస్థాయి విడత ఒక్కొక్కదానిలో సుమారు 17 కోట్ల మంది పిల్లలకు చుక్కలు వేసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, రోటరీ సంస్థలు తోడ్పడినవి. కాని వ్యయంలో అధిక భాగం భారత ప్రభుత్వానిదే. కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, చుక్కలు వేసిన బిడ్డ వేలికి సిరా గుర్తు పెట్టి, ఇంటి గోడ మీద సుద్దతో అంకెలు వ్రాసేవారు. ఇంట లేని పిల్లల సంగతి ఏమి? అందుకే రైల్వే స్టేషన్లలో, బస్సు స్టాండ్లలో, నడిచే రైళ్లలో సైతం ప్రత్యేక బృందాలను నియమించారు. ఇటుక బట్టీలను, కట్టడాల వద్ద వెలసిన గుడిసెలను వెదకి వెదకి జాబితాలో చేర్చారు. బిడ్డది ఏ రాష్ట్రమని గాని, తల్లిది ఏ భాష అని గాని ఆ బృందాలు చుక్కలకు షరతు పెట్టలేదు.

ఇట్టి కార్యం అంగడి వల్ల సాధ్యం కాదు. మందు కొనగలవారు తమ పిల్లలకు కొనుక్కుంటారు. బట్టీ కూలీ బిడ్డ మిగిలిపోతుంది. ఆ బిడ్డతో పాటు వైరస్ కూడా మిగిలి, రైలెక్కి మరొక రాష్ట్రం చేరుతుంది. విశాఖలోని సంపన్న గృహంలో శిశువుకు గల రక్షణ కొంతవరకు హౌరాలోని పేద శిశువుకు అందిన రెండు చుక్కల మీద ఆధారపడి ఉన్నది. అందరికీ చెందే ప్రయోజనానికి అందరూ కలసి చెల్లించడమే న్యాయం. ఆ ఉమ్మడి చెల్లింపునకే పన్ను అని పేరు.

పన్ను కట్టేది ధనికులే కదా, పేదలకు దక్కేది దానమే కదా అని కొందరి వాదన. ఇది సరికాదు. ఆదాయపు పన్ను లేని కూలీ కూడా సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా వస్తువుల పన్ను చెల్లిస్తూనే ఉన్నాడు. అదియు తాను పని చేసే రాష్ట్రంలోనే. ప్రభుత్వ వైద్యశాలలో అతనికి లభించే చికిత్స అతని హక్కు. స్థోమత లేని కారణంగా ఏ వ్యక్తికీ తగిన వైద్యం కరవు కారాదని సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1946లోనే తన నివేదికలో పేర్కొన్నది. బ్రిటన్‌లో పన్నుల ఆధారంగా జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమైనది 1948 జూలై 5న. అంటే ఆ సేవ ఆరంభానికి ముందే ఆ భావన మన దేశంలో వ్యక్తమైనది.

వ్యాపార బీమాకూ దీనికీ గల భేదం ఇక్కడే తెలుస్తుంది. బీమా సంస్థ వయసు మళ్లినవారి నుంచి, వ్యాధిగ్రస్తుల నుంచి హెచ్చు ప్రీమియం కోరుతుంది. పన్ను శక్తిని బట్టి వసూలు కావాలి, వైద్యం అవసరాన్ని బట్టి అందాలి. పైగా బీమా కార్డు చికిత్స ఖర్చును చెల్లించగలదే తప్ప, ఆసుపత్రి లేని చోట ఆసుపత్రిని కట్టలేదు.

2023 జూన్ 2 సాయంకాలం ఈ సత్యం దారుణంగా ఋజువైనది. ఆనాడు షాలిమార్‌లో బయలుదేరిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనగా బజార్ వద్ద, ఆగి ఉన్న గూడ్సు రైలును ఢీకొన్నది. పట్టాలు తప్పిన పెట్టెలు బెంగళూరు నుంచి హౌరా వెళుతున్న మరొక రైలు మీద పడినవి. 290 మందికి పైగా మరణించారు; వేయికి మించి గాయపడ్డారు. క్షతగాత్రులలో బెంగాలీలు, ఒడియాలు, బీహారీలు, తెలుగువారు, తమిళులు ఉండిరి. వారిని సోరో, బాలాసోర్, భద్రక్, కటక్‌లలోని ప్రభుత్వ వైద్యశాలలకు చేర్చారు. తమ పేరైనా చెప్పలేని స్థితిలో ఉన్నవారిని ధరావతు ఎవరు అడుగుతారు, కార్డు ఎవరు చూపుతారు? ఆ రాత్రి రక్తం ఇవ్వడానికి స్థానిక యువకులు బాలాసోర్ ఆసుపత్రి వద్ద బారులు తీరారు. ప్రమాదం జరగనన్నాళ్లూ జిల్లా ఆసుపత్రికి శస్త్రచికిత్స గది, ఎముకల వైద్యుడు, రక్తనిధి అనవసరపు ఖర్చులుగా తోచవచ్చును. లాభం చూసుకొనే సంస్థ అట్టి సంసిద్ధతను చిన్న పట్టణంలో ఏళ్ల తరబడి పోషించడం దుర్లభం.

ప్రజా వైద్యశాలల లోపాలను దాచవలసిన పని లేదు. వరుసలు పొడుగు, మంచాలు తక్కువ. నిపుణులు పెద్ద నగరాలు విడిచి రారు. వేలూరు ప్రయాణం కట్టే బెంగాలీ కుటుంబం చికిత్సతో పాటు రైలు ఛార్జీ, బస ఖర్చు, పోయిన కూలి కూడా భరిస్తున్నది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం వైద్య వ్యయంలో ప్రజలు స్వయంగా చెల్లించినది 2013-14లో 64.2 శాతం, 2021-22లో అది 39.4 శాతానికి దిగినది. తగ్గుదల గణనీయమే. అయినా ప్రతి వంద రూపాయలలో దాదాపు నలభై రూపాయలు ఆ ఏడాదిలోనూ రోగి ఇంటి నుంచే వచ్చినవని ఆ అంకెలకు అర్థం. ప్రభుత్వాల వైద్య వ్యయం 2021-22లో జాతీయోత్పత్తిలో 1.84 శాతం. 2025 నాటికి దానిని 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం సంకల్పించినది. ఆ అదనపు సొమ్ములో జిల్లా ఆసుపత్రులకు చేరే భాగాన్ని బట్టి, షాలిమార్‌లో వైద్యం కోసం రైలెక్కేవారి సంఖ్య తగ్గవచ్చును.