దుర్యోధనుడి గద, నానమ్మ దగ్గు

మన క్లబ్ ఈసారి ఫెస్ట్‌లో మయసభ సీన్ వేస్తోంది కదా. దుర్యోధనుడి కిరీటం, భుజకీర్తులు, గద నా వంతుకి వచ్చాయి. యక్షగానం వాళ్ళు ఇలాంటివి తేలికైన పొణికి కర్రతో చెక్కేవాళ్ళు. నాకు చెక్కడం రాదు కాబట్టి కాస్‌ప్లే వాళ్ళ దారి పట్టి ఈవీఏ ఫోమ్ తెచ్చుకున్నా. చిన్నపిల్లల ఏబీసీడీ మ్యాట్‌లు ఉంటాయే, ఆ జాతిదే. బ్లేడుతో కోయొచ్చు, వేడి చేస్తే వంగుతుంది, బరువే ఉండదు. చిక్కంతా అతుకులు కనపడకుండా సాండ్‌పేపర్‌తో రుద్దడం దగ్గరే.

మొదటి ఆదివారం డాబా మీద కూర్చున్నా. ఆరుబయటే కదా, దుమ్ము దానంతటదే పోతుందిలే అనుకున్నా. పోయింది, నిజమే. అవతలి మూల అమ్మ ఎండబెట్టిన మినప వడియాల మీదకి పోయింది. మిరియాల పొడి చల్లినట్టు నల్లగా! మొత్తం పారేయాల్సి వచ్చింది. సరే అని హాల్లోకి మారి, ఉక్కపోతకి ఫ్యాన్ కూడా వేసుకున్నా. అది ఇంకా పెద్ద తప్పు. మా నానమ్మకి ఆయాసం ఉంది. ఆ రాత్రి రెండుసార్లు ఇన్హేలర్ పీల్చాల్సి వచ్చింది. పొద్దున్నే నన్ను పిలిచి, "ఏమే, దుర్యోధనుడు భీముడి చేతిలో పోవాలి గానీ, వాడి గద దెబ్బకి ముందు నేను పోయేట్టున్నానే" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అసలు ఈ దుమ్ము ఎందుకింత మొండిది? ఇది సన్నటి ప్లాస్టిక్ పొడి. చెక్కపొడి కన్నా తేలిక, పైగా రుద్దేటప్పుడు స్టాటిక్ ఛార్జ్ పుట్టి బట్టలకీ గోడలకీ చేతులకీ అంటుకుంటుంది. కంటికి కనిపించే ముక్కలు కాసేపటికి కింద పడతాయి. కనపడనంత సన్నవి గాల్లో చాలాసేపు తేలుతూ ఊపిరితో లోపలికి పోతాయి. అందుకే "పనయ్యాక ఊడ్చేద్దాం" అనే ప్లాన్ ఫెయిల్. పుట్టిన చోటే పట్టుకోవాలి.

ఇప్పుడు మా మెట్లగది నా వర్క్‌షాప్. కిటికీలో టేబుల్ ఫ్యాన్‌ని బయటికి తిప్పి పెట్టా. అది గదిలోని గాలిని బయటికి తోస్తే, తలుపు సందులోంచి ఇంటి గాలి గదిలోకి వస్తుంది. దుమ్ము ఎదురెళ్ళి ఇంట్లోకి పోవడం కష్టం. గాలి నిజంగా అలాగే వెళ్తోందా అని చూడటానికి ఒక అగరొత్తి చాలు. మీరు కూర్చునే చోట వెలిగించి పొగ ఎటు పోతోందో చూడండి. చూశాక ఆర్పేయండి. కిటికీ అవతల పక్కింటివాళ్ళ బట్టల తీగ ఉందేమో కూడా చూసుకోండి, నేను చూసుకున్నాను (వడియాల పాఠం).

కిటికీకి ముందు బల్ల, బల్ల మీద పాత టీవీ అట్టపెట్టె పక్కకి పడుకోబెట్టి ఉంటుంది. నోరు నా వైపు, లోపల అడుగున తాతయ్య పాత పంచె తడిపి పరిచా. చేతులు పెట్టెలో పెట్టి అక్కడే రుద్దుతా. వెనక బొక్క చేసి వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం టేపుతో అతికించా. ఒక్క జాగ్రత్త: మామూలు వ్యాక్యూమ్‌లు సన్న దుమ్ముని వెనక నుంచి మళ్ళీ ఊదేస్తాయి. మిషన్ని గదిలో పెట్టుకుంటే శ్రమంతా వృథా, అందుకే గొట్టం లోపల, మిషన్ బయట డాబా మీద.

లైటు తలపైన కాదు, పక్క నుంచి, బాగా కిందుగా పెట్టుకోండి. ఎత్తుపల్లాలు నీడలుగా తెలిసిపోతాయి, అనవసరంగా రుద్దే పని తగ్గుతుంది.

మాస్క్ విషయంలో బద్ధకం వద్దు. గుడ్డ మాస్క్ దీనికి చాలదు. ఎన్95 అంటే 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతం ఆపేది, అదీ ముక్కు పక్కన సందు లేకుండా బిగిస్తేనే. కానీ అది జిగురు వాసనని ఆపదు. కాంటాక్ట్ జిగురు ఆవిరికి నిప్పు కూడా అంటుకుంటుంది కాబట్టి జిగురు పని, హీట్ గన్ పని నేను ఒకే రోజు పెట్టుకోను. కళ్ళజోడు సరే, రోటరీ టూల్ వాడితే జుట్టు ముడేసుకోండి, చున్నీ తీసేయండి.

అసలు దుమ్మే తక్కువ పుట్టించడం అన్నిటికన్నా మేలు. బ్లేడు మొద్దుబారితే అంచు చిరుగుతుంది, చిరిగిన అంచుని రుద్దడానికి అరగంట పడుతుంది. కొత్త బ్లేడుకి పెట్టే డబ్బుల దగ్గర పిసినారితనం చూపి నేను భుజకీర్తి ఒకటి పాడుచేశా. ముందు 120, తర్వాత 240 నంబరు పేపర్ సరిపోయింది. హీట్ గన్ పెట్టేముందు తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి, లేకపోతే పొడి కరిగి గింజల్లా అతుక్కుపోతుంది. నా గదకి ఒక వైపు ఇప్పటికీ మొటిమలే. ప్రేక్షకుల వైపు అది తిప్పొద్దని మా దుర్యోధనుడికి చెప్పా.

పనయ్యాక చీపురు ముట్టుకోను. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని పంపు కింద జాడించకుండా ఆరబెట్టి, పొడిని కవర్లోకి దులిపి మూతి కట్టి పొడిచెత్తలో వేస్తా. దులపడం కూడా పెట్టెలోనే, మాస్క్‌తోనే. బట్టలు మెట్లగదిలోనే మార్చుకుని కిందికి దిగుతా. నానమ్మ మెట్ల దగ్గర కూర్చుని నా జుట్టు చూసి, "ఇంకా ఉందే" అంటుంది. మళ్ళీ పైకి వెళ్తా.