విడిచి రాలేని ఇల్లు

“ఇన్ని బాధలు పడుతూ ఆమె ఆ ఇంట్లో ఎందుకుంటోంది?” పొరుగింటి కాపురంలోని కలతలు చెవిన పడినప్పుడు మనలో చాలామంది వేసే ప్రశ్న ఇది. ఓర్పు అని కొందరు, పిరికితనమని కొందరు సమాధానం చెప్పుకుంటారు. కాస్త నిదానించి చూస్తే, బయటికి పోయే దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోవడమే అసలు కారణమని బోధపడుతుంది.

చట్టం అనుమతించక కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం విడాకులకు అవకాశం కల్పించింది. 1976 సవరణతో పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు కూడా కలిగింది. అయినా, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతం మాత్రమే. 77 శాతం మంది సహాయం కోరలేదు సరికదా, ఎవరితోనూ చెప్పుకోనైనా లేదు.

జంషెడ్‌పూర్ వంటి పారిశ్రామిక నగరంలో తొలి అవరోధం నివాసమే. 1907లో స్థాపితమైన ఉక్కు సంస్థ చుట్టూ పెరిగిన ఈ నగరంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డాయి. క్వార్టరు ఉద్యోగి పేరిట ఉంటుంది; ఆ ఉద్యోగి చాలా ఇళ్లలో భర్తే. గడప దాటితే నీడతోపాటు పిల్లల చదువు, వైద్య సదుపాయం కూడా ప్రశ్నార్థకమవుతాయి. పుట్టిల్లు ఏ శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ఉంటుంది. బిష్టుపూర్ రామమందిరంలో పండుగనాడు కలిసే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ సరేసరి.

పుట్టింటి తలుపు తెరిచే ఉందా అంటే, అదీ సందేహమే. భర్త కొట్టడం ఏదో ఒక సందర్భంలో సమంజసమేనని ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సుమారు 84 శాతం స్త్రీలు అదే సర్వేలో అభిప్రాయపడ్డారు. కన్నతల్లే “సర్దుకుపోవమ్మా” అంటే ఆ బిడ్డ ఎక్కడికి పోగలదు? పైగా కొట్టిన చేయే మర్నాడు క్షమాపణ వేడుకుంటుంది. ఉద్రిక్తత, హింస, పశ్చాత్తాపం చక్రంలా తిరుగుతాయని అమెరికన్ మనస్తత్వవేత్త లెనోర్ వాకర్ 1979లో వివరించారు. ఆ పశ్చాత్తాపం కలిగించే ఆశే ఆమెను మరికొన్నాళ్లు ఆపుతుంది. పిల్లలు దూరమవుతారని, పరువు పోతుందని మౌనంగా భరించే పురుషులూ లేకపోలేదు.

2006 అక్టోబరులో అమలులోకి వచ్చిన గృహహింస చట్టం ఈ నివాస సమస్యను గుర్తించింది. ఇంటిపై తనకు యాజమాన్యం లేకపోయినా, ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కును స్త్రీకి ఇచ్చింది. అవసరమైతే అదే స్థాయి ప్రత్యామ్నాయ వసతి కల్పించాలని, లేదా అద్దె చెల్లించాలని న్యాయస్థానం ఆదేశించవచ్చు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు న్యాయ సహాయం ఉచితం. 181 మహిళా సహాయవాణి కూడా ఉంది.

ఈ వివరాలు బాధితురాలి కన్నా ముందు మనకు తెలిసి ఉండాలి. “ఎందుకుంటోంది?” అని అడిగే ముందు “వస్తే ఎక్కడుంటుంది?” అని ఆలోచిద్దాం. పుట్టింటివారు ఒక గది, బంధువులు ఒక నెల ఆసరా, ఇరుగుపొరుగు ఒక మంచి మాట ఇవ్వగలిగితే, ఉండడమో వెళ్లడమో ఆమె నిర్భయంగా తేల్చుకోగలుగుతుంది.