బడి వంటమనిషి శ్రమ

మధ్యాహ్నపు గంట మ్రోగగానే పిల్లలు పళ్ళెములతో బారులు తీరుదురు. ఆ అన్నము వెనుక వంటమనిషి శ్రమ ఎంత యున్నదో పంచాయతీ సభ్యులు గమనింపవలెనని మా మనవి.

బడులలో వండిన భోజనము పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకము 2003లో ఆరంభమయ్యెను. ప్రాథమిక పాఠశాలలో ఒక్కొక్కరికి దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు కొలత. 60 మంది గల బడికి 6 కిలోల బియ్యము, 1 కిలో 200 గ్రాముల పప్పు, 3 కిలోల కూరగాయలు వండవలెను. వడ్డన, అంట్లు తోముట అదనము.

26 నుండి 100 మంది పిల్లలకు ఇద్దరు వంటవారు ఉండవలెనని నియమము. ఒకరు రానినాడు రెండవ యామెయే అంతయు మోయవలెను. నీరు బిందెలతో దూరమునుండి తేవలసినచో వంటకు ముందే అలసిపోవును. అలసిన చేతులు బియ్యమును చక్కగా ఏరలేవు, గిన్నెలను శుభ్రముగా తోమలేవు. ఆ లోపము పిల్లల ఆరోగ్యమునకు తగులును.

వంటశాల చెంతనే కొళాయి, పొగ పోవు మార్గము, ఒకరు రాని దినమున సాయపడుటకు మరియొకరు: వీనిని పాఠశాల యాజమాన్య సంఘముతో కలిసి పంచాయతీ పూనుకొని ఏర్పరుపవచ్చును. భోజనవేళకు బడికి పోవు సభ్యులు ఒకనాడు వంటవేళకే పోయి చూతురుగాక.